చెడుగాలిని తాను పీల్చి చూచిన పండితుడు: హాల్డేన్ చరితము

పాతబావిలో పూడిక తీయ దిగినవాడు ఊపిరాడక పడిపోవుట, వానిని తీయబోయినవాడును అచ్చటనే కూలుట మన గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలోని పెద్దలెరిగిన భయమే. కొందరు దీనిని దయ్యము చేష్ట యందురు. దయ్యము గాదు, చెడుగాలి. అట్టి గాలిని తన దేహముమీదనే పరీక్షించిన జె. బి. ఎస్. హాల్డేన్ పండితుని చరితమును ఈ యేడు మా విద్యార్థులకు చెప్పదలచితిమి.

ఈయన 1892 నవంబరు 5వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గొప్ప శాస్త్రజ్ఞుడు. బొగ్గుగనుల ప్రేలుడులలో మృతులైనవారిలో పెక్కురను చంపినది మంట గాదనియు, వాసనలేని కార్బన్ మోనాక్సైడు వాయువనియు ఆయన 1896లో నిరూపించెను. ఒకనాడు ఆయన కుమారుని గనిలోనికి గొనిపోయి, నిలువబడి షేక్స్పియరు నాటకములోని ప్రసంగమొకటి చదువుమనెను. కొంత చదువగనే బాలుడు ఆయాసపడి కూలెను. నేలపై పడగానే ఊపిరి తిరిగివచ్చెను. ఏలయన అచ్చటి మీథేను తేలికయై కప్పునంటియుండును. మన బావులలో చేరెడు బొగ్గుపులుసుగాలి బరువైనదగుటచే అడుగుననే నిలుచును. ఆ పాఠమును బాలుడు జన్మమున మరువలేదు.

నావికాశాఖవారి కొరకు తండ్రి నీటమునుగువారి కష్టములను శోధించుచుండగా, 1906లో పదుమూడేండ్ల యీ బాలుడును స్కాట్లండు సముద్రమున మునిగెను. తొడుగు వదులై నీరు లోనికి చొచ్చినను భయపడలేదు. లోతున ఒత్తిడి హెచ్చిన కొలది చెడువాయువు బలమును హెచ్చునని తండ్రి తెలిసికొనెను. సముద్రమున ముప్పది మీటర్ల లోతున ఒత్తిడి నాలుగురెట్లగును. కావున గాలిలో నూటికొకపాలున్న బొగ్గుపులుసుగాలి అచ్చట నాలుగుపాళ్లవలె బాధించును.

1939 జూను 1వ తేదీన థెటిస్ అను జలాంతర్గామి మునిగి, 99 మంది మరణించిరి. లోపలివారికి ఏమి సంభవించెనో తెలియుటకై హాల్డేన్ కొందరు మిత్రులతో మూసిన ఇనుపగదిలో గంటలకొలది కూర్చుండి, తాము విడిచిన గాలినే పీల్చెను. తలనొప్పియు ఆయాసమును సహించి ఫలితములు వ్రాసికొనెను. యుద్ధకాలమున ఒత్తిడిగల ప్రాణవాయువును పీల్చి మూర్ఛిల్లి, వెన్నెముకకు గాయము తెచ్చుకొనెను.

జన్యుశాస్త్రమున లోకప్రసిద్ధుడైన ఈయన 1957లో కలకత్తాకు వచ్చి, పిదప భారత పౌరుడయ్యెను. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరిక మేరకు దేహము మన తెలుగునాటి కాకినాడ రంగరాయ వైద్యకళాశాల విద్యార్థుల చదువునకు చేరెను.

ఆయన దైవమును నమ్మలేదు. క్రైస్తవ పాఠశాల పత్రికలో ఈ చరితమేలయని కొందరడుగవచ్చును. మంచి సమరయుని కథ బోధించెడు మేము, మేలు చేసినవానిని మతమడిగి త్రోసివేయజాలము. తాను పీల్చి చూడని గాలిలోనికి పరులను పంపకుండుటయు పొరుగువానిని ప్రేమించుటయే.

విద్యార్థులారా, 2020 ఆగస్టున మన నాగరుకర్నూలు జిల్లాలోని శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున అగ్ని రేగి, పొగ క్రమ్మి, తొమ్మండుగురు మృతిచెందిరి. చెడుగాలి ముప్పు దూరదేశపు మాట గాదు. నేడు వీపున గాలి సిలిండరు కట్టుకొని మునుగువారికిని ఇదే భయము. సిలిండరు నింపెడు యంత్రము ఇంజను పొగను పీల్చినచో, మోనాక్సైడు అందు చేరి లోతున ప్రాణము తీయును. బావిలో దింపిన నూనెయింజనును ఆ విషమునే క్రక్కును. దీపమారినచో దిగరాదు. ఆరకున్నను నమ్మరాదు; మోనాక్సైడు దీపము నార్పదు, మండెడు వాయువున్నచో దీపమే ప్రేలుడు తెచ్చును. సాధనముతో గాలిని పరీక్షించియే దిగవలెను. పడినవానికై తొందరపడి దుముకక, ఊపిరిసాధనముగల అగ్నిమాపకులను పిలువుడు. ఈ మాట మీ యిండ్లలో చెప్పుడు. హాల్డేన్ చరితము చదివినందులకు అదియే ఫలము.