స్టార్ ట్రెక్ వెనక లూసీ

స్టార్ ట్రెక్ అంటే ప్రాణం పెట్టే పాతకాలం అభిమానులకి స్పాక్ కోసు చెవులు బాగా గుర్తే. ఆ అంతరిక్ష సీరియల్‌కి డబ్బు పెట్టిన ఆడమనిషే ఎవరికీ గుర్తు రాదు!

ఆవిడ లూసిల్ బాల్. పుట్టింది 1911లో. ‘ఐ లవ్ లూసీ’లో వెర్రిమొర్రి వేషాలేసి అమెరికాని కడుపుబ్బ నవ్వించింది. భర్త డెసీ ఆర్నాజ్‌తో కలిసి డెసిలూ స్టూడియో పెట్టింది. 1960లో విడాకులయ్యాయి. 1962లో ఆయన వాటా కొనేసి, అంత పెద్ద స్టూడియోని ఒంటిచేత్తో నడిపింది.

ఇంత ఖర్చు మనవల్ల కాదని బోర్డు సభ్యులే అడ్డుపడ్డా స్టార్ ట్రెక్‌ని వదల్లేదు. మొదటి నమూనా ఎపిసోడ్‌ని ఎన్‌బీసీ వద్దంటే, రెండోది తీయించింది. 1966 సెప్టెంబరులో సీరియల్ మొదలైంది. మర్నాడే స్టూడియో అమ్మలేదు గానీ, 1967లో అమ్మేసింది. 1969లో సీరియలూ ఆగింది.

పాత ఎపిసోడ్లు మళ్ళీ మళ్ళీ వేస్తుంటేనే అభిమానులు పెరిగారు. 1989లో లూసీ పోయేనాటికి స్టార్ ట్రెక్ సినిమాలే నాలుగొచ్చాయి. ఆ లాభాలన్నీ స్టూడియో కొనుక్కున్నవాళ్ళవి.