భయము వెనుకనున్న మనుష్యుని వెదకిన వెరియర్ ఎల్విన్

ఇంద్రావతి, శబరి నదులు గోదావరిని చేరుటకు ముందు ప్రవహించు అటవీసీమ బస్తరు. ఓరుగల్లు కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు అక్కడ రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు సంప్రదాయము చెప్పుచున్నది. దాని దక్షిణ భాగమున కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో నేటికిని తెలుగు మాట వినబడును. తెలుగువారు చేతబడి యనియు, చిల్లంగి యనియు, బాణామతి యనియు పిలుచు భయము ఆ సీమలోను కలదు. మంత్రగత్తెగా ఎంచబడిన స్త్రీని అక్కడ టోనహి అందురు. పేరు వేరైనను భయము ఒక్కటే. ఆ భయమును పరిహసింపక, దానికి లోబడక, దానిలో చిక్కుకొనిన మనుష్యుని తెలిసికొనగోరిన ఒక ఆంగ్లేయుడు కలడు. ఆయన పేరు వెరియర్ ఎల్విన్.

ఎల్విన్ 1902 ఆగస్టు 29న ఇంగ్లండులోని డోవరు పట్టణమున జన్మించెను. తండ్రి పశ్చిమ ఆఫ్రికాలోని సియర్రా లియోనునకు ఆంగ్లికను బిషపు. కుమారుడు చిన్నవాడై యుండగనే, 1909లో, ఆయన మరణించెను. తల్లి కుమారుని గట్టి సువార్తిక భక్తిలో పెంచెను. ఆక్స్‌ఫర్డులోని మెర్టన్ కళాశాలలో ఎల్విన్ ఆంగ్ల సాహిత్యమందును, వేదాంతమందును ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడాయెను. తరువాత గురువుగా అభిషేకము పొంది, 1926లో విక్లిఫ్ హాల్ అను వేదాంత కళాశాలకు ఉపాధ్యక్షుడాయెను.

ఆంగ్ల సాహిత్యము అభ్యసించినవానికి మంత్రగత్తెలు క్రొత్తవారు కారు. షేక్స్‌పియరు మాక్బెత్ నాటకమును వ్రాసిన కాలమున ఇంగ్లండును ఏలిన జేమ్సు రాజు, దయ్యముల విద్యను గూర్చి 1597లో తానే ఒక గ్రంథము ప్రకటించినవాడు. 1604లో ఆయన పాలనలో మంత్రగత్తెలపై చట్టము మరింత కఠినమాయెను. 1621లో ఎలిజబెత్ సాయరు అను బీద స్త్రీని మంత్రగత్తె యని ఉరితీసిరి. ఆ సంవత్సరమే ఆమె కథ ఎడ్మంటన్ మంత్రగత్తె అను నాటకముగా రంగస్థల మెక్కెను. పొరుగువారు కొట్టి, తిట్టి, మంత్రగత్తె యని పిలిచి పిలిచి, చివరకు ఒక వృద్ధురాలిని తాము పిలిచినదానిగానే చేయుట ఆ నాటకములో కనబడును.

ఆ భయము నాటకశాలలో ఆగలేదు. పదునైదవ శతాబ్దము మొదలు పదునెనిమిదవ శతాబ్దము వరకు ఐరోపాలో సుమారు 40,000 నుండి 50,000 మంది ఈ నేరము క్రింద చంపబడిరని చరిత్రకారుల అంచనా. వారిలో అధికులు స్త్రీలు. రోమను కాథలిక్కు న్యాయస్థానములును, సంస్కరణను అంగీకరించిన దేశముల న్యాయస్థానములును ఈ పాపములో పాలుపంచుకొనినవి. నిర్గమకాండము ఇరువది రెండవ అధ్యాయములోని ఒక్క వచనమును పట్టుకొని తీర్పు తీర్చినవారు, పొరుగువాని మీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞను మరచిరి. 1692లో అమెరికాలోని సేలములో భక్తిపరులైన ప్యూరిటనులే పందొమ్మిది మందిని ఉరితీసిరి. రెజినాల్డ్ స్కాట్ అను ఆంగ్లేయుడు 1584లోనే ఈ నమ్మకమును ఖండించుచు గ్రంథము వ్రాసెను. నిందింపబడువారు తరచుగా భిక్షమడుగు వృద్ధ స్త్రీలనియు, వారిని కాదని పంపివేసినవారే తరువాత తమ ఇంటి కష్టమునకు వారిని కారణముగా ఎంచుచుండిరనియు ఆయన గ్రహించెను. అయినను ఇంగ్లండులో ఆ చట్టము రద్దగుటకు 1736 వరకు వేచియుండవలసి వచ్చెను.

1927లో ఎల్విన్ భారతదేశమునకు వచ్చి పూనాలోని క్రీస్తు సేవా సంఘమున చేరెను. మరుసటి యేట సబర్మతిలో గాంధీజీని కలిసికొనెను. ఆ పరిచయము ఆయన జీవితమును మార్చెను. 1932 ఆరంభములో మిత్రుడైన శ్యామ్‌రావు హివాలేతో కూడ మైకల్ కొండలలోని కరంజియా గ్రామమునకు వెళ్లి గోండుల నడుమ కాపురముండెను. అక్కడ బడి, వైద్యశాల, కుష్ఠరోగులకు ఒక ఆశ్రయము వెలసినవి. అయితే నాగపూరు బిషపునకును ఆయనకును పొత్తు కుదరలేదు. బోధించుటకు ఆయనకు అనుమతి దొరకలేదు. గోండుల మతమును మార్చుట తన పనికాదని ఆయన తలంచెను. 1935లో ఆయన తన సంఘమును విడిచిపెట్టెను.

1940లో ఎల్విన్ బస్తరు సంస్థానమునకు వచ్చి, చిత్రకోట జలపాత సమీపమున నివాసమేర్పరచుకొని, మురియా, మారియా గ్రామములలో తిరిగెను. బిడ్డకు జ్వరము వచ్చినను, పశువు చచ్చినను, పంట పాడైనను, ఎందుచేత అను ప్రశ్న ఆ గ్రామములలో ఎట్లు పుట్టునో ఆయన చూచెను. జనులు దేవత పూనిన సిరహా యొద్దకు పోవుదురు. దేవత కోపించినదా, పితరులు అలిగిరా, లేక మనుష్యుడెవడైన కీడు చేసెనా అని అతడు చెప్పవలెను. అంగా అను దేవత దుంగలు కట్టిన రూపమున ఉండును. దానిని మనుష్యులు భుజములపై మోసికొని పోవుచుండగా, అది ఎవరి ఇంటి ముందు నిలిచిపోవునో ఆ ఇంటివారిపై అనుమానము పడును. ఆ దినము మొదలు ఆ ఇంటివారి పలకరింపు, చూపు, మౌనము, అన్నియు సాక్ష్యములగును.

మారియాలలో హత్యలు అధికముగా నుండెను. ఎల్విన్ నూరు హత్యా వ్యాజ్యముల పత్రములను పరిశీలించి, చెరసాలలోని మారియా ఖైదీలతో మాటలాడి, 1943లో మారియాల హత్యలను, ఆత్మహత్యలను గూర్చిన గ్రంథము ప్రకటించెను. కలహము, త్రాగుడు, అసూయ, ఆస్తి వివాదము, ఇట్టి కారణములు అందులో కనబడినవి. చేతబడి అనుమానము వాటిలో ఒకటి మాత్రమే, అన్నిటికంటె పెద్దది కాదు. అయితే అది తక్కినవాటివంటిది కాదు. కోపముతో కొట్టినవాడు తరువాత పశ్చాత్తాపపడవచ్చును. మంత్రగత్తె యని నమ్మి చంపినవాడు తన బిడ్డను కాపాడుకొంటినని తలంచును. మంత్రశక్తిని నేరముగా ఎంచని ప్రభుత్వము, వాని దృష్టిలో, కీడు చేయువారి పక్షమున నిలిచినదిగా కనబడును.

ఎల్విన్ ఆ హత్యలను సమర్థింపలేదు. తీర్పు తీర్చువాడు చంపినవాని మనస్సును ఎరుగవలెననియే ఆయన వాదము. శిక్ష చేతిని ఆపవచ్చును గాని, భయమును తీసివేయలేదు. జ్వరమునకు మందు దొరకని చోట కారణమునకు ఒక మనుష్యుడు కావలసివచ్చును. ఆ మనుష్యుడు సాధారణముగా బలహీనుడే యగును.

ఎల్విన్ నిర్దోషి కాడు. 1940లో తనకంటె చాల చిన్నదైన ఒక గోండు యువతిని వివాహమాడి, 1949లో విడాకులు పొందెను. ఆమె తరువాత దీర్ఘకాలము బీదరికములో బ్రదికెను. ఆయన గ్రంథములు లోకమంతట కీర్తి పొందుచుండగా, ఆమె మొర ఆలకించినవారు కొందరే. మిషనరీలను ఆయన విమర్శించిన తీరులో న్యాయముతో పాటు చేదును కలదు. గిరిజనుల గోడును ఆలకించిన చెవి తన ఇంటి గోడును ఆలకింపకపోవుట ఆయన జీవితములోని విషాదము.

1954లో ఎల్విన్ భారత పౌరుడై, ఈశాన్య సరిహద్దు ప్రాంతమున గిరిజన వ్యవహారముల సలహాదారుగా పనిచేసెను. 1961లో పద్మభూషణ బిరుదు లభించెను. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో మరణించెను. ఆయన స్వీయచరిత్రకు మరుసటి యేట సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చెను.

ఆయన చూచిన భయము ఆయనతో గతింపలేదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2005లో టోనహి వేధింపు నివారణ చట్టము చేసెను. ఒకరిని టోనహి యని పేరుపెట్టినందుకు మూడు సంవత్సరముల వరకు, హింసించినందుకు ఐదు సంవత్సరముల వరకు చెరసాల శిక్ష కలదు. అయినను 2024 సెప్టెంబరులో సుక్మా జిల్లా కోంటా ప్రాంతమున, తెలుగు గ్రామములకు దూరము కాని చోట, చేతబడి చేయుచున్నారను అనుమానముతో ఐదుగురు కొట్టి చంపబడిరి.

ఎఫెసులో మాంత్రిక విద్య నభ్యసించినవారు విశ్వసించినప్పుడు తమ పుస్తకములనే తెచ్చి కాల్చివేసిరని అపొస్తలుల కార్యములు తెలుపుచున్నవి. అక్కడ మనుష్యులెవరును కాల్చబడలేదు. బయెల్జెబూలు సహాయముతో దయ్యములను వెళ్లగొట్టుచున్నాడను నింద మన ప్రభువు మీదనే పడెను. కాబట్టి ఊరంతయు ఒక్కరిని వేలెత్తి చూపినప్పుడు, ఆ ఒక్కరి స్థానమున ఆయన ముందే నిలిచియున్నాడు. సంఘమును విడిచిన ఎల్విన్ చెరసాలలో కూర్చుండి ఆలకించిన భయగ్రస్తుల గోడును, సంఘములోనున్నవారు తమ వీధిలోనే ఆలకింపవలసియున్నది. జ్వరము వచ్చిన బిడ్డను వైద్యుని యొద్దకు చేర్చుట, నిందపడిన విధవరాలి ఇంట కూర్చుండి భోజనము చేయుట, ఇవి చిన్న పనులు. అయితే భయమునకు వెరవని ప్రేమ ఆ పనులలోనే ఊరివారికి కనబడును.