వోర్మ్స్ పట్టణములో పది దినములు

మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ జరుపుకొనుచున్న ఈ సమయమున, మన ఇండ్లలో తెలుగు బైబిలు ఉండుటకును, మన భాషలో మనము ఆరాధించుటకును వెనుక ఎందరి ప్రయాస ఉన్నదో తలచుకొనుట మంచిది. వారిలో ఒకరు మార్టిన్ లూథరు. ఆయన బ్రతికినది అరువది రెండేండ్లు. జర్మనీ దేశమున రైను నది ఒడ్డున నున్న వోర్మ్స్ పట్టణములో ఆయన గడిపినది పది దినములే. అయినను ఆ పది దినములు లేక ఆయన జీవితము మనకు అర్థము కాదు.

లూథరు 1483 నవంబరు 10న ఐస్లెబెన్ అను ఊరిలో జన్మించెను. తండ్రి రాగి గనుల పనిలో కష్టపడి పైకి వచ్చినవాడు. కుమారుడు న్యాయశాస్త్రము చదివి గొప్పవాడు కావలెనని ఆయన కోరిక. 1505 జూలైలో దారిని పోవుచుండగా పెద్ద గాలివాన పట్టి దగ్గరలోనే పిడుగు పడెను. ఆ భయములో లూథరు సన్యాసినగుదునని మ్రొక్కుకొని, ఆ నెలలోనే ఎర్ఫర్టు మఠములో చేరెను. 1507లో గురువుగా అభిషేకము పొందెను. 1512లో వేదాంత పండితుడై విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయములో బైబిలు బోధింప నారంభించెను.

ఉపవాసములు, జాగరణలు, గంటల తరబడి పాపపు ఒప్పుకోళ్లు, ఇవన్నియు చేసినను ఆయనకు నెమ్మది కలుగలేదు. రోమా పత్రికను ధ్యానించుచుండగా, నీతి మనుష్యుడు సంపాదించుకొను కూలి కాదనియు, విశ్వాసమువలన దేవుడు ఉచితముగా ఇచ్చు వరమనియు ఆయన గ్రహించెను.

ఆ దినములలో రోమునందలి పరిశుద్ధ పేతురు దేవాలయ నిర్మాణము పేరిట పాపపరిహార పత్రములు అమ్ముచుండిరి. బీదవారు తమ కొద్దిపాటి డబ్బు ఇచ్చి వాటిని కొనుచుండిరి. లూథరు 1517 అక్టోబరు 31న దీనికి విరోధముగా 95 వాదాంశములు ప్రకటించెను. అచ్చుయంత్రము పుణ్యమా అని అవి త్వరలోనే దేశమంతట వ్యాపించెను. 1521 జనవరి 3న పోపు ఆయనను సంఘమునుండి వెలివేసెను.

చక్రవర్తి అయిదవ చార్లెసుకు అప్పటికి ఇరువది యొక్క ఏండ్లు. వోర్మ్స్‌లో సామ్రాజ్య మహాసభ జరుపుచున్నాడు. విచారణ లేకుండ తన ప్రజలలో ఒకనిని శిక్షింపరాదని సాక్సనీ ప్రభువు ఫ్రెడెరిక్ పట్టుబట్టుటచేత, చక్రవర్తి అభయపత్రమిచ్చి లూథరును పిలిపించెను. స్నేహితులు వెళ్లవద్దనిరి. నూరు సంవత్సరములకు ముందు యాన్ హుస్ అను భక్తుడు ఇట్టి అభయపత్రమును నమ్మియే కాన్‌స్టన్స్ మహాసభకు వెళ్లెను. 1415లో అతనిని సజీవముగా కాల్చివేసిరి. ఈ సంగతి లూథరు బాగుగా ఎరుగును. ఎరిగియే బయలుదేరెను.

ఏప్రిల్ 2న ఆయన గుడారపు బండిలో ప్రయాణమాయెను. దారిలో జబ్బుపడినను ఆగలేదు. 16వ తేదీ ఉదయము బండి వోర్మ్స్ చేరుచుండగా దేవాలయ గోపురముమీదనుండి బూర ఊదిరి. వేలకొలది జనులు వీధులలోనికి వచ్చిరి. బసలు దొరకక పట్టణము కిక్కిరిసియున్నందున, ఆయన ఇతరులతో కలిసి ఒకే గదిలో ఉండవలసివచ్చెను.

మరునాడు సాయంకాలము, జనసమ్మర్దము తప్పించుటకు ఆయనను తోటలగుండ, సందులగుండ బిషపు భవనమునకు తీసికొనిపోయిరి. బల్లమీద ఆయన గ్రంథములు పేర్చియున్నవి. అడిగినవి రెండే ప్రశ్నలు: అవి తనవేనా? వాటిని ఉపసంహరించుకొనునా? మొదటిదానికి అవునని చెప్పెను. రెండవదానికి ఆలోచించుకొనుటకు వ్యవధి కోరెను. వినినవారు ఆశ్చర్యపడిరి. స్వరము కూడ సరిగా వినబడలేదని కొందరనిరి. ఒక్క దినము గడువిచ్చిరి.

ఈ ఒక్క దినమును మనము చులకనగా చూడరాదు. ఆయన శిలావిగ్రహము కాదు, మనవంటి మనిషి. ఒకవైపు వేయి సంవత్సరములకు పైబడిన సంఘము, మరియొకవైపు తానొక్కడు. తానే తప్పినవాడైతే తనను నమ్మిన వేలమంది గతి ఏమి?

18వ తేదీ సాయంకాలము దివిటీల వెలుగులో ఆయన మరల నిలిచెను. ఈసారి స్వరము వణకలేదు. లేఖనములవలన గాని స్పష్టమైన న్యాయమువలన గాని తన తప్పు చూపించినయెడల తన పుస్తకములను తానే అగ్నిలో వేయుదుననియు, అట్లు చూపనంతవరకు దేవుని వాక్యమునకు కట్టుబడిన తన మనస్సాక్షికి విరోధముగా ఏమియు చేయజాలననియు జర్మను, లాటిను భాషలలో చెప్పెను. తరువాత కొన్ని దినములు పెద్దలు ఏకాంతముగా నచ్చజెప్పి చూచిరి. రాజీ కుదరలేదు. 26న ఆయన వోర్మ్స్ విడిచెను.

చక్రవర్తి ఆజ్ఞ ఆయనను చట్టముయొక్క కాపుదల లేనివానిగా చేసెను. అయితే ఫ్రెడెరిక్ మనుష్యులు మే 4న దారిలో పట్టుకొనినట్లు నటించి ఆయనను వార్ట్‌బుర్గ్ కోటలో దాచిరి. అక్కడ ఇంచుమించు పదకొండు వారములలో ఆయన క్రొత్త నిబంధనను గ్రీకునుండి జర్మనులోనికి మార్చెను. 1522 సెప్టెంబరులో అది అచ్చయ్యెను. 1534లో బైబిలు అంతయు వెలువడెను. మధ్యలో 1525లో కాతరీనా ఫొన్ బోరాను వివాహమాడి ఆరుగురు బిడ్డలకు తండ్రి ఆయెను. 1546 ఫిబ్రవరి 18న తాను పుట్టిన ఊరిలోనే కన్నుమూసెను.

ఆయనను పొగడునప్పుడు ఆయన లోపములను దాచరాదు. 1525లో రైతుల తిరుగుబాటు సమయమున ఆయన వ్రాసినది బహు కఠినము. 1543లో యూదులకు విరోధముగా వ్రాసిన గ్రంథము ఇంకను ఘోరము. వోర్మ్స్‌లోనే 1034లో స్థాపించిన యూదుల ప్రార్థనామందిరము ఉన్నది. 1938లో నాజీలు దానిని తగులబెట్టిరి. 1961లో అది మరల నిలిచెను. లూథరు పేరును ద్వేషమునకు వాడుకొనినవారికి ఆయన కలమే అవకాశమిచ్చెను. తరువాతి కాలమున లూథరను సంఘములే ఆ వ్రాతలను బహిరంగముగా నిరాకరించినవి.

ఇది వోర్మ్స్ సాక్ష్యమును కొట్టివేయదు. లేఖనములచేత తనను సరిదిద్దుడని ఆయన అచ్చట అడిగెను. ఆయన చేతబట్టిన కొలబద్దతోనే సంఘము ఆయనను కొలిచెను. ఏ పెద్దయైనను, ఏ సంఘమైనను ఆ కొలతకు మించినది కాదు.

ఆనాటి బిషపు భవనము ఇప్పుడు లేదు. ఆ స్థలమున ఒక తోట ఉన్నది. లూథరు నిలిచిన చోటునకు గురుతుగా అక్కడ కంచు పాదరక్షలు పెట్టిరి. వచ్చినవారు తమ కాళ్లు అందులో పెట్టి చూచుకొందురు.

ఆయన పేరుగల సంఘమునుండి హెయ్యరు దొర 1842 జూలై 31న గుంటూరు చేరిన సంగతి మన తెలుగు క్రైస్తవులెరిగినదే. ఏ తెగవారమైనను, వాక్యమును స్వభాషలో చదువుకొను భాగ్యము మనకందరకు దక్కినది. రానున్న నూరేండ్లలో మన బిడ్డలు ఆ వాక్యమును తెరచి మనలను కూడ దానితో కొలుతురు. అప్పుడు మనము తూగునట్లు ఈ దినముననే మనస్సాక్షిని పరిశోధించుకొందము గాక.