యెఱ్ఱగుంట్ల పేరయ్యగారి చరిత్రము



ఏటేట మనము కూడుకొను నీ మహాసభలో మన కులమున జన్మించి పేరుగాంచిన పెద్దల నొక్కరినైనను స్మరింపక సభ చాలించుట ధర్మము కాదు. కావున నీ సంచికయందు యెఱ్ఱగుంట్ల పేరయ్యగారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాను. ఒంగోలు ప్రాంతమున నీయన పేరు విననివారు మన పెద్దలలో నరుదు. అయినను ఆయనను గూర్చి సామాన్యముగా జెప్పుకొను మాట యొక్కటియే. దొరలచే బాప్తిస్మము పొంది క్రైస్తవుడైన తొలి మాదిగ యని. ఈ మాట సత్యమే గాని సగము సత్యము. దొరలు పేరయ్యగారిని వెదకికొని రాలేదు. పేరయ్యగారే వారిని వెదకికొని పోయిరి. తక్కిన యీ సగమును దెలుపుటయే నా యుద్దేశము.

పేరయ్యగారు ఒంగోలు పట్టణమునకు సుమారు 40 మైళ్ల దూరమున నున్న తాళ్లకొండపాడు గ్రామవాసులు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో జేరియుండెను. ఆ కాలమున మనవారి బ్రదుకెట్టిదో నేటి యువకులకు జెప్పవలసియున్నది. ఊరిలో పశువు చచ్చిన దాని నీడ్చుకొనిపోవుట మాదిగవాని పని. దాని తోలొలిచి, తంగేడుచెక్క వేసిన లందలో నానవేసి, పదునుచేసి, కాపుల మోటలకు బానలును, కాడికి వారులును, కాళ్లకు జెప్పులును గుట్టి యిచ్చుటయు వాని పనియే. జాతరలలో డప్పు వాయించుటయు వాని వంతే. ఇందుల కాతనికి దొరకునది కళ్లమున గొలిచెడి మేర ధాన్యమును, చచ్చిన పశువు మాంసమును. మాదిగ కుట్టిన బాన లేనిదే కాపు చేనికి నీరెక్కదు. ఊరి మంచినీళ్ల బావియొద్దకు మాత్ర మా మాదిగ రారాదు. పేరయ్యగారు తోళ్ల వర్తకము చేయువారు. వర్తకులగుటచే నొక్క యూరిని బట్టుకొని యుండక దూరదేశములు తిరిగిరి, లోకమును జూచిరి, పలువురి మాటలు వినిరి.

ఆయనకు ధనార్జనకంటె దైవచింత మెండు. పోతులూరి వీరబ్రహ్మముగారి రాజయోగ సంప్రదాయము ఆ దినములలో మన పల్లెలయందు వ్యాపించియుండెను. బ్రహ్మముగారు దూదేకుల సిద్ధయ్యను శిష్యునిగా గైకొనుటయు, మాదిగ కక్కయ్యకు యోగరహస్యము దెలుపుటయు మనవారందఱెఱిగిన కథలే. పరమాత్మ యొక్కడే యనియు, ఆయనను విగ్రహములయందు గాక హృదయమునందు వెదుకవలెననియు, ఆయనకు కులభేదము లేదనియు ఆ సంప్రదాయము బోధించెను. పేరయ్యగారు వీరమ్మ యను గురువు నాశ్రయించి యోగము నభ్యసించి, కాలక్రమమున దామే గురుస్థానము నందిరి. తరువాత జెప్పబోవు క్లౌ దొరగారి రెండవ భార్యయైన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌగారు ఇట్టి సంగతులను మన పెద్దల నోటనే విని, 1899వ సంవత్సరమున ఆంగ్లమున గ్రంథముగా బ్రకటించిరి. కాబట్టి పేరయ్యగారు ఏమియు నెఱుగని యమాయకులై పరమతమున బడిరనుట పొరపాటు. క్రీస్తు నామము వినకపూర్వమే ఏకేశ్వరుని వెదకిన సాధకు లాయన.

ఇక దొరల సంగతి. అమెరికా బాప్టిస్టు మిషనువారు 1840వ సంవత్సరమున శామ్యూల్ డే దొరగారి ద్వారా నెల్లూరిలో పని స్థాపించిరి. 1849లో లైమన్ జూయెట్ దొరగారు వచ్చిరి. ఏండ్లు గడచినను వారి మాట విన్నవారు బహుకొలదిమంది. అమెరికాలోని పెద్దలు ఈ తెలుగు మిషనును మూసివేయుదమని పలుమాఱు లాలోచించిరి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దంపతులును ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండయెక్కి, ఆ పట్టణమునకు బోధకుని బంపుమని ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థనకొండ యందురు. తరువాత బండ్రెండేండ్లవఱకు ఒంగోలున స్థిరముగా నిలిచిన దొర యొక్కడును లేడు.

ఆ కాలమున పేరయ్యగారు తోళ్ల వర్తకమునకై ఏలూరువైపు పోయి, అచ్చట మిషనరీల బోధ వినిరి. వారు చెప్పిన దేవుడు తమ యోగసాధనలో వెదకుచున్న దేవుడే యనియు, ఆ దేవుడు తమ్ముంగూడ వెదకుచున్నాడనియు ఆయన మనస్సునకు దోచెను. అప్పుడు విన్న మాటను మఱవక, జూయెట్ దొరగారు ఒంగోలున నున్నారని తెలియగానే భార్య నాగమ్మగారితో గూడ ఆయన యొద్దకు బోయి, 1866 మార్చి మాసమున బాప్తిస్మము పొందిరి. జూయెట్ దొరగారు నెల్లూరికి దిరిగిపోయిరి. పేరయ్యగారు తాళ్లకొండపాటికి దిరిగివచ్చిరి.

ఇక్కడ మనము కొంచెము నిలిచి యాలోచింపవలెను. జాన్ క్లౌ దొరగారు ఒంగోలున గాపురము పెట్టుట 1866 సెప్టెంబరు మాసమున. అంతవఱకు పేరయ్యగారికి దోడు దొర లేడు, జీతము లేదు, బడి లేదు, గుడి లేదు. ఆయన తమ బంధువుల యిండ్లకును చుట్టుపట్ల పల్లెలకును దిరిగి, తాము గన్నదానిని జెప్పుచు వచ్చిరి. మనలో వియ్యములు ఊరినుండి యూరికి బ్రాకియుండును. ఆ వియ్యపు దారులవెంటనే యీ మాటయు బ్రాకెను. పరిచయము లేని తెల్లదొర సంతలో నిలిచి చెప్పిన నాలకింపనివారు, తమ బావయో మామయో అరుగుమీద గూర్చుండి చెప్పగా నాలకించిరి. ఒంగోలు మిషను పనిలో జీతములేని యీ మొదటి బోధకుని పాటు మఱవరానిది.

1867 జనవరి 1వ తేదీన ఒంగోలున నెనమండుగురు సభ్యులతో సంఘ మేర్పడెను. ఆ మాసముననే పేరయ్యగారి పిలుపున క్లౌ దొరగారు తాళ్లకొండపాటికి బోయి చింతతోపులో గుడారము వేసిరి. పలు గ్రామములనుండి స్త్రీపురుషులు మూటలు నెత్తిన బెట్టుకొని వచ్చిరి. ఆ మూటలలో గొన్నిదినములకు సరిపడు తిండియు, బాప్తిస్మమైన పిమ్మట మార్చుకొనుటకు బట్టలును ఉండెనట. వారు వినుటకు మాత్రము వచ్చినవారు కారు, నిశ్చయించుకొని వచ్చినవారు. కొన్నిదినములు వారిని బరీక్షించి, దొరగారు 28 మందికి బాప్తిస్మ మిచ్చిరి. కోతకు బిలువబడినవాడు క్లౌ దొర; విత్తినవాడు పేరయ్య.

అగ్రవర్ణములవారును క్రైస్తవమతమున శ్రద్ధ చూపుచుండిన కాలమది. దొరగారి బడిలో బ్రాహ్మణబాలురు చదువుచుండిరి. మాదిగలను జేర్చుకొన్నచో తాము రామని పెద్దకులములవారు స్పష్టముగా దెలిపిరి. దొరగారికి సంకటము గలిగెను. ఒకవైపున విద్యయు పలుకుబడియు గలవారు, మఱియొకవైపున పేరయ్యగారి వెంట వచ్చిన చెప్పులు కుట్టువారు. ఆయనయు ఆయన భార్యయు వేర్వేఱు గదులలో నుండి, ఒకరి సంగతి యొకరెఱుగక, బైబిలు దెఱచి చూడగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో హీనులను దేవు డేర్పరచుకొనుటను గూర్చిన భాగమే యిద్దఱికిని గనబడెనని చెప్పుదురు. దొరగారు మనవారిని జేర్చుకొనిరి. బడి ఖాళీయయ్యెను. దొరలు మనకు జేసిన మేళ్లలో నిది పెద్దది. ఇందులకు మనము కృతజ్ఞులమై యుండవలెను. కాని పేరయ్యగారు ముందుగా బోయి పల్లెలను సిద్ధముచేసి యుండనిచో ఆ ప్రశ్నయే దొరగారికి వచ్చియుండదుగదా!

మతము పుచ్చుకొన్నంత మాత్రమున సుఖము వచ్చినదని యెవ్వరును భ్రమపడరాదు. క్లౌ దొరగారు చేరువారికి మూడు నియమములు పెట్టిరి. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహముల గొలువరాదు. వినుటకివి చిన్నవి. ఊరివ్యవస్థకు మాత్రమివి గొడ్డలిపెట్లు. కోతలకాలమున ఆదివారము రానన్న కాపునకు గోపము, జాతరలో డప్పు పట్టనన్న నూరందఱికిని గోపము. కరణము, మునసబు మొదలగువారి యాగ్రహమునకు బాత్రుడైన మాదిగకు మేర దప్పును, పని దప్పును. చచ్చిన గొడ్డు మాంసము మానిన యింట ఆ పూట పొయ్యి వెలుగకపోవచ్చును. అట్టి కాలమున వారికి ధైర్యము చెప్పగలవా డెవడు? పట్టణపు బంగళాలోని దొర ఎంతటి దయాళువైనను గుడిసెలోని యాకలి నెఱుగడు. పేరయ్యవంటివారు ఎఱుగుదురు. మొదట నమ్మిన పల్లెలు భయమున జెదరిపోకుండుటకు పేరయ్యగారివంటి స్వజనులే యాధారమైరి.

1876 మొదలు 1878 వఱకు మహాక్షామము వచ్చెను. క్లౌ దొరగారు యౌవనమున భూమి కొలుచు పని నేర్చినవారగుటచే, ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు దీసికొని వేలకొలది జనమునకు గూలి యిప్పించిరి. బోధకులు మేస్త్రులై వారిని నడిపిరి. అన్నమునకై మతము మార్చుచున్నారను మాట రాకుండుటకు, దొరగారు పదునైదు మాసములపాటు ఒక్కరికిని బాప్తిస్మ మీయకుండిరి. ఆ వ్రతము దీరినపిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు దొరగారు కారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దఱిద్దఱుగా నదిలో నిలిచి, వంతులవారీగా నిచ్చిరి. ఆ సంవత్సరము జూన్ 16 మొదలు డిసెంబరు కడవఱకు జేరినవారు 9,606 మంది. పండ్రెండేండ్లకు ముందు భార్యాభర్త లిద్దఱు పోయిన త్రోవను వేలజనము నడచెను.

ఇక పేరయ్యగారు మిషనరీలకు జేసిన సహాయ మెట్టిదో విచారింతము. ఆయన యొద్ద ధనము లేదు, అధికారము లేదు. ఆయన యిచ్చినవి మూడు: తన మాటకు గల విలువ, తన బంధువర్గము, తన కాళ్ల సత్తువ. తాళ్లకొండపాటి చింతతోపులో క్లౌ దొరగారు అతిథి, పేరయ్యగారు ఆతిథేయి. కూలివాడు యజమానికి జేసిన సేవగా దీనిని జెప్పరాదు. ఇంటికి మేలు దెచ్చు చుట్టమును ఇంటిపెద్ద యాదరించినట్లు ఆయన దొరల నాదరించిరి. తనవారిపై నాయనకు గల ప్రేమయే యా యాదరమునకు మూలము. ఒంగోలున జూయెట్ దొరగారి పేరిట దేవాలయమును, క్లౌ దొరగారి పేరిట వైద్యశాలయు వెలసినవి. అవి వెలయదగినవే. పేరయ్యగారి కీర్తి మనము చెప్పుకొనిననే నిలుచును.

సోదరులారా, ఈ చరిత్రమును ఈ సభలో జెప్పుటకు గారణము గలదు. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి హిందువులకు మాత్రమే షెడ్యూల్డు కులముల హోదా నిలిచెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది లభించెను, క్రైస్తవులకు లభింపలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో మనలోని క్రైస్తవులు వెనుకబడిన తరగతుల సి-వర్గమున లెక్కింపబడుచున్నారు. ఒక్క తాతకు మనుమలైన యిద్దఱు అన్నదమ్ములలో నొకడొక పట్టీలోను, రెండవవాడు వేఱొక పట్టీలోను జేరుచున్నారు. దీని న్యాయాన్యాయములు తేల్చుటకు న్యాయస్థానములును శాసనసభలును గలవు. నేను వగచునది వేఱు. పట్టీలు విడిపోయినట్లే మన పంక్తులును విడిపోవుచున్నవి. గుడికి బోవువాడు క్రైస్తవుని దొరల వెంటబోయినవాడని యెకసక్కెమాడును. క్రైస్తవుడు తన తాతలనాటి బ్రహ్మముగారి తత్త్వమును జీకటి యని త్రోసివేయును. ఇద్దఱును బేరయ్యగారి నెఱుగరు. ఆయన కక్కయ్య త్రోవలో నడచి క్రీస్తు నొద్దకు జేరినవారు. ఆయన జీవితమున నీ రెండును నొక్క నూలుపోగున నల్లుకొన్నవి. ఒకదానిని ద్రెంచినచో రెండవదియు దెగును.

కావున నా విన్నపమిది. ఈ సభ చాలించి యిండ్లకు బోవునప్పుడు, హిందువులైనవారు క్రైస్తవ సోదరుని యింటికి బోయి యొక్కపూట భుజింపుడు. క్రైస్తవులైనవారు హిందూ సోదరుని యింటి శుభాశుభములకు బిలువకున్నను బొండు. మాల సోదరులతోడను ఇతర కులములతోడను మనకుగల తగవులను సైతము ఈ తీరుననే, ఎదురుగా బోయి మాటలాడి తీర్చుకొనుడు. పేరయ్యగారు పిలువకయే పల్లెపల్లెకు బోయిరి. వారి చరిత్రమునుండి మనము నేర్వవలసిన ప్రేమ యదియే. వారి జ్ఞాపకము మన జాతిని జిరకాలము నడిపించుగాక!