ప్రాణికోటికి పేరిడిన లిన్నేయసు

పొలమునకు నంబరును, పట్టాదారుని పేరును లేనిచో తగవు తీరదు. ప్రాణికోటికి అట్టి చిట్టా కూర్చిన మహనీయుడు కార్ల్ లిన్నేయసు.

ఈయన 1707 మే 23వ తేదీన స్వీడను దేశమున ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించెను. తండ్రి పెంచిన తోటయే తొలి పాఠశాల. కుమారుడు తనవలె మతాచార్యుడు కావలెనని తండ్రి కోరినను, రోత్మన్ అను వైద్యుడు బాలుని అభిరుచి గుర్తెరిగి వైద్యవిద్యకు మరల్చెను.

ఆ కాలమున ఒక్కొక్క మొక్కకు వాక్యమంత పొడవు పేరుండెడిది. ఆ పేరైనను పండితునకొక తీరుగ నుండెడిది. 1735లో హాలెండు దేశపు లైడెన్ నగరమున వెలువరించిన గ్రంథమున లిన్నేయసు ప్రకృతిని ఖనిజ, వృక్ష, జంతు రాజ్యములుగా విభజించెను. మానవుని కోతులతో ఒకే శ్రేణిని చేర్చుటను పలువురు ఆక్షేపించినను వెనుదీయడయ్యెను. 1753లో వృక్షములకును, 1758లో జంతువులకును రెండేసి పదముల నామములను స్థిరపరచెను. మన వరి ఒరైజా సటైవా అయ్యెను. మామిడి మాంజిఫెరా ఇండికా అయ్యెను. 1778 జనవరి 10వ తేదీన ఉప్సాలా నగరమున దివంగతుడయ్యెను. శిష్యుడు కోనిగ్ దక్షిణదేశపు మొక్కలను పరిశోధించి, 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున అసువులు బాసెను.

పిమ్మట ఖనిజములు ఆ చిట్టానుండి తొలగెను. 1866లో హెకెల్ సూక్ష్మజీవులకు మూడవ రాజ్యమును, 1969లో విటేకర్ ఐదు రాజ్యములను ప్రతిపాదించిరి. రాజ్యములెన్ని మారినను, రెండు పదముల నామపద్ధతి నేటికిని చెక్కుచెదరలేదు.