శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారు

మన గ్రంథాలయమున నేడు బల్లపై పరచియున్న దినపత్రికలను ఇష్టము వచ్చినట్లు తిరుగవేయుచున్న యువకులకు, ఒకానొక కాలమున ఈ ప్రాంతమున తెలుగు పత్రిక చేతబట్టుకొనుటయే అనుమానమునకు తావిచ్చెడిదని చెప్పినచో నమ్మకపోవచ్చును. నిజాము రాజ్యమున సభ జరుపవలెనన్న ముందుగా సర్కారువారి అనుమతి పొందవలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు పేరు వినగానే గ్రామములలో పెద్దమనుష్యులు సైతము వెనుకకు జంకెడివారు. ఖాన్గీ బడి పెట్టుటకును ఆంక్షలే. ప్రజలలో దాదాపు సగముమంది తెలుగువారైనను కచ్చేరిలో, బడిలో వారి భాషకు చోటులేదు. 1921వ సంవత్సరము నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకట రామారావుగారు తెలుగున మాట్లాడబోగా సభవారు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది.

ఇట్టి కాలమున పత్రిక నడుపుటకు పూనుకొన్నవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారు 1896వ సంవత్సరము మే 28వ తేదీన మాతామహుల గ్రామమగు బోరవెల్లిలో జన్మించిరి. స్వగ్రామము ఇటిక్యాలపాడు, ఆ కాలమున అది గద్వాల సంస్థానములోనిది. కర్నూలులో చదువుకొనుచు వెల్లాల శంకరశాస్త్రిగారియొద్ద సంస్కృతము నేర్చిరి. పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఎ. చదివి, న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. వకీలు వృత్తిలో కొంతకాలము ఉండిరి కాని మనసు అందు నిలువలేదు.

1924లో హైదరాబాదు రెడ్డి విద్యార్థి వసతిగృహ నిర్వహణభారము వారిపై పడినది. దానిని స్థాపించినవారు నగర కొత్వాలు రాజబహద్దూరు వేంకటరామారెడ్డిగారు. ప్రతాపరెడ్డిగారు అచట వేలకొలది గ్రంథములు గల పుస్తకభాండారమును పెంపొందించిరి. పల్లెలనుండి వచ్చిన పిల్లలకు తిండి, పడక ఏర్పరచుటతో తమ పని తీరినదని వారు తలంపలేదు.

తెలుగు పత్రిక కొరత అప్పటికి పూర్తిగా తీరలేదు. 1922లో ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను, నల్లగొండనుండి షబ్నవీసు వేంకట రామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిరి. పల్లెటూరిలో ముద్రణాలయము నెలకొల్పి వార్తలు అచ్చువేసిన ఒద్దిరాజువారి పట్టుదలను ఎంత పొగడినను తక్కువయే. కాని ఆ రెండు పత్రికలును కొలది సంవత్సరములకే ఆగిపోయినవి. 1926వ సంవత్సరము మే 10వ తేదీన గోలకొండ పత్రిక ప్రారంభమయ్యెను. వారమునకు రెండుమారులు వెలువడెడిది. సంపాదకులు, వ్యాసకర్త, అచ్చుతప్పులు దిద్దువారు, ఒక్కొక్కనాడు కట్టలుగట్టి చిరునామాలు వ్రాయువారు కూడ ప్రతాపరెడ్డిగారే. పలు మారుపేర్లతో వ్రాసి పుటలు నింపెడివారు.

ఆ పత్రికకు చందాదారులు వేలసంఖ్యలో లేరు. కాని ఒక ప్రతి గ్రామమునకు చేరెనన్న అది ఒక్కనితో ఆగెడిది కాదు. అక్షరము వచ్చినవాడు చదువుచుండగా పదిమంది చుట్టుజేరి వినెడివారు. వెట్టిచాకిరి, అధికారుల లంచగొండితనము, పటేలు పట్వారీల ఆగడములు, స్త్రీవిద్య, రైతు బాధలు ఇత్యాదులు అందు చర్చింపబడెడివి. తమ యూరి కష్టము అచ్చులో కనబడుట ప్రజలకు క్రొత్త. ఈ పనికి గ్రంథాలయములే ఊతమైనవి. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము, హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయము, మన సికింద్రాబాదులో 1905లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము వెలసియుండెను. సికింద్రాబాదు సంగతి కొంత వేరు. 1945 వరకు అది ఆంగ్లేయుల దండు పరిపాలనలో ఉండుటచే హుసేనుసాగరు కట్ట దాటగానే చట్టమే మారిపోయెడిది. ఒక్క చెరువు గట్టునకు ఇరుప్రక్కల రెండు న్యాయములు!

ప్రతాపరెడ్డిగారిని ఆ కాలపు యువకులలో కొందరు మెత్తనివారని తప్పుపట్టిరి. వారు సర్కారును ముఖాముఖి ధిక్కరింపక, చట్టపు గీతలోపలనే నిలిచి వ్రాసిరన్నది నిజము. నగర పోలీసులకు అధిపతియైన కొత్వాలుగారి ఆదరము ఒకవైపు, ప్రజల మొర మరియొకవైపు. ఈ రెంటినడుమ పత్రికను నిలుపుట కత్తిమీది సాము. మందుముల నరసింగరావుగారి రయ్యత్ అను ఉర్దూ పత్రిక నిషేధమునకు గురియయ్యెను. ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు, యువకుడు షోయబుల్లాఖాన్ రజాకార్ల దుండగములను ఎండగట్టినందుకు 1948 ఆగస్టులో అర్ధరాత్రివేళ ఇంటికి పోవుచు దారిలో హత్యచేయబడెను. ఆయన త్యాగమునకు సాటిలేదు. అయినను ఒక పత్రిక ఇరువదియేండ్లకు పైగా ఊపిరి నిలుపుకొని ప్రతివారము గ్రామములకు చేరుటయు సామాన్యమైన ధైర్యము కాదని నా అభిప్రాయము.

మెత్తదనముననే వారి పదును ఉండెడిది. సంపాదకీయములను ముందుగా సమాచారశాఖవారికి చూపి అనుమతి పొందవలెనని ప్రభుత్వము నిర్బంధము విధించినప్పుడు, వారు తలవంచి చూపనులేదు, పత్రికను మూసివేయనులేదు. సంపాదకీయపు చోట ప్రపంచ మేధావుల సూక్తులను అచ్చువేయసాగిరి. స్వేచ్ఛను గూర్చి, న్యాయమును గూర్చి ఏ దేశపు పండితుడో ఎన్నడో చెప్పిన మాటను ఏ అధికారి కొట్టివేయగలడు? చదువువారికి మాత్రము ఆ మాట ఎవరికి తగులవలెనో తెలియనే తెలియును. మొగలాయి కథలను వ్రాసి అక్కడి పాలనలోని వింతలను హాస్యముగా చూపినదియు ఈ నేర్పుతోడనే.

తెలంగాణమున కవులు పూజ్యమని ముడుంబై వేంకట రాఘవాచార్యులుగారు వ్రాయగా వారు వాదమునకు దిగలేదు. పత్రిక మూలమున కవుల రచనలను, వివరములను కోరిరి. ఊరూరినుండి వచ్చిన వానిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు 354 కవులు! ఇంతకు మించిన జవాబు మరేమి కావలెను?

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు. మరుసటి యేడు దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారు ఆ పీఠమునెక్కిరి. పిదప ఆంధ్ర సారస్వత పరిషత్తు సేవలో ప్రతాపరెడ్డిగారు చాలకాలము గడపిరి. ఆ పరిషత్తు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర వారి కృషికి కలశము. అందు రాజుల యుద్ధములు కానరావు. మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి, సంతలో ఏమి అమ్మిరి అనునదియే విషయము. పాల్కురికి సోమన కృతులనుండి, క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మొదలగు కావ్యములనుండి ఒక్కొక్క మాటను ఏరి, తూర్పు చాళుక్యుల కాలము మొదలు 1907 వరకు సామాన్యుని బ్రతుకును చిత్రించిరి. అర్థము తెలియని మాట ఎదురైనచో తెలియదని అందే చెప్పి, తెలిసినవారు తెలుపుడని కోరుట వారి అలవాటు. ఏండ్లతరబడి పల్లెలనుండి వచ్చిన లేఖలు చదివిన సంపాదకునికి సామాన్యునిపై ఇంత శ్రద్ధ కలుగుట వింతకాదు.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1951లో ప్రజావాణి అను మరియొక పత్రికను వారు స్థాపించిరి. 1952 ఎన్నికలలో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఆ పదవియందు ఎక్కువకాలము ఉండ నోచుకొనలేదు. 1953వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన పరమపదించిరి. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగునకు ఒసగిన ప్రథమ బహుమానము సాంఘిక చరిత్రకే లభించెను. అప్పటికి గ్రంథకర్త గతించి రెండేండ్లు.