రామానుజన్ జాబితాలో జారిపోయిన సంఖ్య

శ్రీనివాస రామానుజన్ అనగానే అందరూ 1729 గురించే చెబుతారు. మేము ఈ వార్షికోత్సవ సంచికలో ఇంకో సంఖ్య గురించి చెప్పదలచాము. అది 293318625600. అంటే 29 వేల 331 కోట్ల 86 లక్షల 25 వేల 600.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో జన్మించారు. మన కుప్పం మీదుగా వెళ్ళే రైళ్ళు కొన్ని ఆ ఊరికి పోతాయి. పెరిగింది కుంభకోణంలో. తండ్రి బట్టల అంగడిలో గుమాస్తా. పేదవారే. అయితే మన తాతలను ఆపినట్టు ఆయనను బడి గడప దగ్గర ఎవరూ ఆపలేదు. ఆ తేడా మనం మరచిపోకూడదు.

1904లో స్కాలర్‌షిప్‌తో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరారు. లెక్కలు తప్ప మరో పుస్తకం పట్టలేదు. ఇంగ్లీషు తప్పారు, స్కాలర్‌షిప్ పోయింది. అది పోతే ఎలా ఉంటుందో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళిపోయారు. తరువాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి, 1907లో ఎఫ్.ఏ. పరీక్ష కూడా తప్పారు. కాగితం కొనలేక పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేసి, ఫలితం మాత్రం నోటుపుస్తకంలో ఎక్కించేవారు. 1910లో ఆ నోటుపుస్తకాలు చూసిన నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారు నెలనెలా సొంత డబ్బు ఇచ్చి ఆదుకున్నారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం. 1913లో హార్డీకి ఉత్తరం. 1914లో కేంబ్రిడ్జి.

అక్కడ 1915లో అతి సంయుక్త సంఖ్యల మీద పెద్ద వ్యాసం అచ్చయింది. హాస్టల్లో 60 మందిని సమాన వరుసల్లో నిలబెట్టాలంటే చాలా దారులున్నాయి, ఎందుకంటే 60కి 12 కారణాంకాలు. 59 మందితో ఆ పని కుదరదు. 60 కంటే చిన్న ఏ సంఖ్యకూ 12 కారణాంకాలు లేవు. ఇలా తనకంటే చిన్నవాటన్నిటినీ కారణాంకాల్లో మించిపోయేదే అతి సంయుక్త సంఖ్య. రామానుజన్ అలాంటివి 102 లెక్కగట్టి పట్టిక వేశారు. కాలిక్యులేటరు లేని రోజులవి! చివరిది 6746328388800. దీనికి 10080 కారణాంకాలు.

ఈ పని మీదనే 1916లో కేంబ్రిడ్జి ఆయనకు బి.ఏ. డిగ్రీ ఇచ్చింది. ఎఫ్.ఏ. తప్పిన మనిషికి! మా ఇళ్ళలో డిగ్రీ మాతోనే మొదలైంది కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు మాకు పట్టరాని సంతోషం కలిగింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1919లో జబ్బుతో తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. వయసు 32.

ఆ పట్టికలో ఉండవలసిన సంఖ్య ఒకటి జారిపోయిందని తరువాత తేలింది. అదే మనం మొదట చెప్పుకున్నది. దాన్ని విడదీస్తే 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 5, 7 రెండేసిసార్లు, 11, 13, 17, 19 ఒక్కొక్కసారి వస్తాయి. ఒక్కో దానికి ఒకటి కలిపి గుణించండి: 7×5×3×3×2×2×2×2. మొత్తం 5040 కారణాంకాలు. పదో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్కే. ఇంకో చిత్రం, ఆ సంఖ్యను 23తో గుణించి చూడండి. రామానుజన్ పట్టికలోని చివరి సంఖ్యే వస్తుంది.